చింతగింజల కడితం

మా ఇంటి అటక మీద పాత తక్కెడ పక్కన ఎర్రగుడ్డలో చుట్టిన మూట ఒకటుండేది. ఏడాదికి ఒక్కసారి, ఆయుధపూజనాడు కిందికి దిగేది. అవ్వ దానికి పసుపు కుంకుమ పెట్టి, రెండు బంతిపూలు ఉంచి, సాయంత్రానికి మళ్లీ పైకి ఎక్కించేసేది. లోపల ఏముందో చూడాలని నాకు ఎంత ఆశో. పదో తరగతి పాసైన ఏడు పట్టుబట్టి అడిగితే, "సరే, చేతులు కడుక్కోని రా" అంది.

విప్పితే నల్లటి గుడ్డ. జానెడు వెడల్పున్న పొడవాటి పట్టీని ముందుకూ వెనక్కూ మడతలు పెట్టారు. పైనొక చెక్క, కిందొక చెక్క. ముట్టుకుంటే గుడ్డలా మెత్తగా లేదు, పలకలా గట్టిగా, చల్లగా ఉంది.

"ఇది మీ ముత్తాత కడితం రా. మండీలో లెక్కలన్నీ దీనిమీదనే రాస్తాండెనంట. చింతగింజలు ఉడకేసి రుబ్బి, ఆ జిగురులో బొగ్గుపొడి కలిపి గుడ్డకు పూసి ఎండబెడతారు. బలపంతో రాసేది. వద్దనుకుంటే తడిగుడ్డతో తుడిచేసేది."

హిందూపురంలో చింతపండు వాసన తగలని వీధి తక్కువ. పండు మండీకి పోతుంది, గింజలు మిగులుతాయి. ఆ మిగిలిన గింజలతో పుస్తకం తయారవుతుందని నాకు ఆ రోజే తెలిసింది.

మడతల మధ్య తెల్లటి గీతలు అక్కడక్కడా చెరగకుండా ఉన్నాయి. అంకెలని తెలుస్తూనే ఉంది. మేం బడిలో నేర్చుకున్న అంకెలు మాత్రం కావు. వీసం, పరక, కాలు, అర, ముక్కాలు – పాత లెక్కల్లో ఒక్కోదానికి ఒక్కో గుర్తు. నాకు రాదు. మా నాయనకూ రాదు. అవ్వ బడి మెట్లు ఎక్కలేదు గనుక ఆమెకూ రాదు. మా ఇంట్లో పుట్టిన పుస్తకమే, చదవగలిగినవాడు ఇంట్లో ఒక్కడూ లేడు. ముత్తాత ఇది కాక ఇంకేం చదివి ఉంటాడు, ఆయన పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లు ఏం చదివి ఉంటారు అన్న ప్రశ్న నాలో అప్పుడు పడింది. ముప్పై ఏళ్లుగా వదల్లేదు.

మన సాహిత్య చరిత్రలు ఎవరు రాశారో చెబుతాయి, ఎవరికి అంకితమిచ్చారో చెబుతాయి. చదివినవాళ్ల సంగతి వచ్చేసరికి మాట తగ్గిపోతుంది. మా తాలూకాల వరకు ఆ ముచ్చట కొంత దొరికింది ఒక కలెక్టరు రాసిన ఉత్తరంలో.

1822లో మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ మన్రో, జిల్లాల్లో బడులెన్ని, పిల్లలెందరు, ఏం చదువుతున్నారు అని కలెక్టర్లందరినీ అడిగాడు. మన్రో మాకు కొత్తవాడు కాదు. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా అనంతపురం కేంద్రంగా పనిచేసినవాడు. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, అది 1882లో ఏర్పడింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సీమలన్నీ బళ్లారి కలెక్టరు కిందే ఉండేవి. ఆ బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్, తెలుగు వ్యాకరణం రాసినవాడు, 1823 ఆగస్టులో పంపిన జవాబు మిగతా కలెక్టర్లందరి జవాబుల కంటే వివరంగా ఉంటుంది. చరిత్రకారుడు ధరంపాల్ 1983లో ఆ కాగితాలన్నీ ఒకచోట చేర్చి అచ్చువేయడంతో నాలాంటివాళ్ల చేతికి వచ్చాయి.

జిల్లా జనాభా 9,27,857. బడులు 533. చదివే పిల్లలు 6,641 మంది. అంటే వెయ్యిమందికి ఏడుగురు మాత్రమే. బడుల్లో కన్నడం చెప్పేవి 235, తెలుగు చెప్పేవి 226. మరాఠీ 23, పారశీకం 21, తమిళం 4, ఇంగ్లీషు ఒకే ఒకటి. బ్రాహ్మణులు మాత్రమే చదివే సంస్కృత పాఠశాలలు 23. కన్నడం, తెలుగు దాదాపు సరిసమానంగా ఉండటం చూసి మా ఊరివాళ్లెవరూ ఆశ్చర్యపోరు. హిందూపురం సంతలో ఇప్పటికీ బేరం ఒక భాషలో మొదలై ఇంకో భాషలో తెగుతుంది. మా అవ్వ భారతం సగం తెలుగులో, సగం కన్నడంలో విన్నది. ఏ కథ ఏ భాషలో విన్నదో ఆమెకు వేరుగా గుర్తుండేది కాదు.

ఆడపిల్లలు ఎందరో తెలుసా? ఆరువేల ఆరువందల నలభై ఒక్కమందిలో అరవై మంది. ఆ అంకె దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఆ అరవై మంది పేర్లు ఎవరూ రాయలేదు.

బడి ఎలా నడిచేదో కూడా క్యాంప్‌బెల్ రాశాడు. అయిదో ఏట పిల్లవాణ్ని బడిలో వేస్తారు. పొద్దున ఆరింటికే బడి. అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్న, వాడికి మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, తర్వాత వచ్చేవాళ్లకు ఒక్కొక్కటి పెరుగుతూ పోతుంది. మొదట ఇసుకలో వేలితో అక్షరాలు. ఆ తర్వాత పలక. అడుగు వెడల్పు, మూడడుగుల పొడుగున్న చెక్కకు అన్నపు జిగురూ బొగ్గుపొడీ రాసి నున్నగా చేసింది. లేదంటే గంజిపెట్టి గట్టిచేసి, పుస్తకంలా మడతలు మడిచి, బొగ్గూ జిగుర్లూ పూసిన గుడ్డ. బలపంతో రాసి తడిగుడ్డతో తుడిచేస్తారట. ఆ వాక్యం చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మా అవ్వ చెప్పిన మాటే అది. రెండు వందల ఏళ్ల కిందటి దొర ఉత్తరంలో మా అటక మీది మూట!

ఇక పుస్తకాల జాబితా. తెలుగు, కన్నడ బడుల్లో ముఖ్యంగా రామాయణం, భారతం, భాగవతం. వీటికి తోడు చేతిపనుల కులాల పిల్లలకు వాళ్ల వాళ్ల పుస్తకాలున్నాయి. విశ్వకర్మ పురాణం అందులో ఒకటి. లింగధారుల పిల్లలకు బసవపురాణం, గిరిజాకల్యాణం, చెన్నబసవేశ్వర పురాణం. సరదాగా చదువుకోవడానికి పంచతంత్రం, భేతాళ పంచవింశతి కథలు. భాష నేర్చుకోవడానికి అమరం, ఆంధ్రనామసంగ్రహం లాంటి నిఘంటువులు, వ్యాకరణాలు. అయితే అన్నిటికంటే అవసరమైన ఈ చివరి రకం పుస్తకాలే బడుల్లో అన్నిటికంటే తక్కువ అంటాడు. రాతప్రతుల ధర ఎక్కువ, అయ్యవార్లు పేదవాళ్లు. దొరికిన ప్రతుల్లో కూడా లేఖకుల తప్పులు లెక్కలేనన్ని.

చదువు ఎందుకు తగ్గిపోతోందో కూడా దాచకుండా రాశాడు. దేశం పేదదైపోతోంది, విదేశీ నూలుబట్ట వచ్చి ఇక్కడి నేతగాళ్ల బతుకు దెబ్బతింది, పిల్లవాడి కాళ్లూ చేతులూ ఆడటం మొదలుపెట్టగానే వాణ్ని పనిలో పెట్టక తప్పడంలేదు అని. మగ్గం ఆగితే బడి ఆగుతుందని ధర్మవరంలో పుట్టినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఒక తెల్లదొర ఆ మాటను 1823లోనే తన పైవాళ్లకు రాసినందుకు అతని మీద నాకు గౌరవం ఉంది. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే మన వీధిబడి పద్ధతిని ఇంగ్లాండు అనుకరించింది, అది దానికి తగినదే అని కూడా ఒప్పుకున్నాడు.

ఒక్కచోట మాత్రం అతనితో నాకు పేచీ. ఈ పుస్తకాలన్నీ పద్యాల్లోనే ఉన్నాయి, ఆ భాష వీళ్లు మాట్లాడుకునే భాష కాదు, పిల్లలు వందల పద్యాలు కంఠస్థం చేస్తారు గానీ అర్థం చిలకకు తెలిసినంతే అంటాడు. చూసింది చూసినట్టు రాశాడు. అర్థం ఆ రోజు రాదు, నిజమే. ఎప్పటికీ రాదని ఎలా అనుకున్నాడు?

నాకు అయిదేళ్లప్పుడు అవ్వ గజేంద్రమోక్షం పద్యాలు నేర్పింది. తాను చూసి చదివి కాదు, తన అమ్మ నోట విన్నవే నాకు చెప్పింది. పొద్దున పళ్లు తోముకుంటూ, సాయంత్రం దీపం పెట్టాక, గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పేవాణ్ని. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. పాతికేళ్లు దాటాక ఒక కరువు ఏడు మా అమ్మ పుట్టిన ఊరికి వెళ్లాను, పెనుకొండ కొండ కనిపించే పల్లె. చెరువు నడుమ బురద తప్ప ఏమీ మిగల్లేదు. నీళ్ల కోసం దిగిన ఎనుము ఒకటి ఆ బురదలో కడుపుదాకా దిగబడిపోయింది. మోకులు వేసి పదిమంది లాగుతున్నారు. మొదట అది కూడా కాళ్లు విదిలించింది, అరిచింది. గంట గడిచేసరికి అరుపు ఆగింది. తల మాత్రం పైకెత్తి, మా ఎవరివైపూ కాకుండా ఎటో చూస్తోంది. అప్పుడు నా నోట్లోకి పద్యం వచ్చింది. నేను గుర్తుచేసుకోలేదు, దానంతట అదే వచ్చింది. బలం తగ్గిపోవడం, ధైర్యం సడలడం, దిక్కులు చూడటం, ఒక్కొక్క మాటా ఒక్కొక్కటిగా విప్పుకుంది. ఆ పద్యం నేను చదివింది ఆ చెరువుగట్టున. అంతకుముందు ఇరవై ఏళ్లు మోశానంతే.

ఎనుమును చీకటి పడేలోగా పైకి లాగారు. బతికింది.

మా వైపు చదువు నడిచిన తీరు ఇది. రాత తుడిచేస్తారు, పద్యం మిగుల్చుకుంటారు. కడితం మీద ఉన్నది రేపు ఉండదు, గొంతులో ఉన్నది ఉంటుంది. పుస్తకం ఖరీదైనచోట మనిషే పుస్తకం కాక ఏం చేస్తాడు?

అదే పల్లెలో అంతకుముందెప్పుడో, నా చిన్నతనంలో, చావడిలో విరాటపర్వం పెట్టించారు. విరాటపర్వం చదివిస్తే వాన వస్తుందని తెలుగునాట పాత నమ్మకం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడే సీమలో ఆ పర్వం ఎన్ని ఊళ్లలో ఎన్నిసార్లు చదివి ఉంటారో! తిక్కనగారికి తన పుస్తకం మేఘాల కోసం కూడా చదువుతారని తెలిసి ఉండదు. పెట్రోమాక్స్ దీపం, మడతమంచం మీద దుప్పటి పరిచి దాని మీద వ్యాసపీఠం. ఒకాయన రాగం తీస్తూ పద్యం చదివేవాడు, పక్కనే ఇంకొకాయన అర్థం చెప్పేవాడు. అర్థం చెప్పే ఆయన రైతు, వేలిముద్ర మనిషి. ఏటేటా వినీ వినీ అర్థం ఆయనకు ఒంటబట్టింది. ఉత్తరుడు అంతఃపురంలో ప్రగల్భాలు పలికే చోట జనం పడీపడీ నవ్వారు.

నాలుగో రాత్రి అనుకుంటాను. చదివే ఆయన ఒక పద్యం ముగించి తర్వాతిది ఎత్తుకున్నాడు. ఆడవాళ్లు కూర్చున్న చీకట్లోంచి మా అవ్వ చెల్లెలి గొంతు వినిపించింది.

"సామీ, నడాన ఒగటి ఎగరగొట్టినావు."

ఆయన చదవడం ఆపాడు. "ల్యాదమ్మా, వరసగానే చదువుతాండా" అన్నాడు.

"ల్యాదు సామీ. కొట్టంలో మాట అయినాక ఇంగో పద్యముంది. సూడు."

ఆయన పుస్తకం దీపానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. దీపపు నూనె తగిలి రెండు కాగితాలు అతుక్కున్నాయి. గోటితో మెల్లగా విడదీశాడు. లోపల పద్యం ఉంది. ఆయన ఆమె వైపు చేతులు జోడించి, ఆ పద్యం ఆమె కోసమే అన్నట్టు నిదానంగా చదివాడు. మా చిన్నవ్వకు అ ఆలు రావు. బియ్యం కార్డు మీద వేలిముద్ర వేసేది. క్యాంప్‌బెల్ లెక్కలో అయితే ఆమె ఎక్కడా లేదు. వెయ్యికి ఏడుగురు తప్ప మిగిలిన తొమ్మిది వందల తొంభై ముగ్గురిలో ఎక్కడో ఉంది.

ఆ ఏడు వాన పడిందో లేదో నాకు గుర్తులేదు. గోటితో కాగితాలు విడదీసిన చప్పుడు గుర్తుంది.

అయితే ఆ చావడి అరుగు అందరిదీ కాదన్న మాట కూడా చెప్పాలి. ఊరి బయట ఉండేవాళ్లు దూరంగా చింతచెట్టు కింద నిలబడి విన్నారు. గాలి అటు తిరిగినప్పుడు విన్నంత విన్నారు. వాళ్లకు పురాణం కంటే తత్త్వం ఎక్కువ దగ్గరైంది, అందులో న్యాయం ఉంది. తంబుర మీటుతూ ఇంటి ముందుకొచ్చి పాడేవాడికి అరుగుతో పనిలేదు. వేమన పద్యాలు, పోతులూరి వీరబ్రహ్మం కాలజ్ఞానం, సరిహద్దు అవతల కైవారంలో నారేయణ యోగి తెలుగులో చెప్పిన తత్త్వాలు ఈ సీమలో కాళ్లతో నడిచి తిరిగాయి. వేమన సమాధి ఉందని చెప్పే కటారుపల్లె కదిరి దగ్గరే. పండితులు పక్కనపెట్టిన ఆ పద్యాలను సి.పి. బ్రౌను ప్రతులు ప్రతులుగా పోగుచేసి 1829లో అచ్చువేశాడు. నిజానికి వేమన తప్పిపోయింది పండితుల అల్మారాల్లోంచి మాత్రమే. గొర్రెల మందల వెంట, గానుగల దగ్గర ఆయన ఎన్నడూ తప్పిపోలేదు. అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో పుట్టిన అనంతకృష్ణశర్మగారు వేమన మీద ఉపన్యాసాలిచ్చి, విద్వాంసుల సభలో ఆయనకు పీట వేశారు. సంగీతం, సంస్కృతం, ప్రాకృతం తెలిసిన అంతటివాడు వేమన ముందు తలవంచడం మా సీమకు దక్కిన గౌరవంగా భావిస్తాను.

పెనుకొండ కొండ వైపు చూస్తే వేరే చదువు. 1565లో రాక్షసతంగడి యుద్ధంలో ఓడిన తర్వాత తిరుమలరాయలు విజయనగరాన్ని వదిలి రాజధానిని పెనుకొండకు తెచ్చాడు. నగరం కాలిపోయింది, అన్న పోయాడు. అలాంటి రాజుకు రామరాజభూషణుడు వసుచరిత్ర అంకితమిచ్చాడు. శ్లేషలు, సంగీతం, ఒక్కో పద్యంలో రెండు మూడు అర్థాల పొరలు, విడదీయడానికి జీవితకాలం పట్టే కావ్యం. అందులో శుక్తిమతి నదిని కోలాహల పర్వతం అడ్డగిస్తే వసురాజు కాలితో ఆ కొండను చిమ్ముతాడు. నది పేరు చెబితే ఇసుక గుర్తొచ్చే సీమలో, కొండకు ఆనుకుని కూర్చుని ఆ ఘట్టం విన్నవాళ్లకు ఏమనిపించి ఉంటుందో అనుకుంటాను. దాన్ని అనుకరించి తర్వాతి కవులు ఎన్ని రాశారంటే, వాటన్నిటికీ కలిపి పిల్ల వసుచరిత్రలని పేరు పడింది. ఒక పుస్తకాన్ని జనం ఎంత చదివారో చెప్పడానికి అమ్ముడైన ప్రతుల లెక్క లేని కాలంలో దాని పిల్లల్ని లెక్కపెట్టుకోవడమే మార్గం.

క్యాంప్‌బెల్ జాబితాలో వసుచరిత్ర లేదు. వీధిబడికి అది అందదు. అది ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి, గురువు నుంచి శిష్యుడికి నడిచింది. అలా నడిచి నడిచి మూడున్నర శతాబ్దాల తర్వాత ఆ కొండ కిందే మళ్లీ ఒక పిల్లవాడికి చేరింది. పుట్టపర్తి నారాయణాచార్యులు 1914లో చియ్యేడులో పుట్టి, పెనుకొండలో పెరిగాడు. కోట గోడల మధ్య తిరుగుతూ మీసం మొలవని వయసులోనే పెనుగొండలక్ష్మి అనే కావ్యం రాశాడు. అక్కడి సబ్ కలెక్టరు భార్య పిట్ దొరసాని దగ్గర ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నాడు. ఇంట్లో సంస్కృతం, వీధిలో కన్నడం తెలుగు, బంగళాలో షేక్‌స్పియరు. తర్వాత ఆయన విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు పాఠ్యగ్రంథాల్లో ఆయన పెనుగొండలక్ష్మే ఉంది. తన పుస్తకం మీద తానే పరీక్ష రాయాల్సి వచ్చింది. ఈ సంగతి మా నాయన నాకు వందసార్లు చెప్పి ఉంటాడు, ప్రతిసారీ కొత్తగా సంతోషపడుతూ. ఆయన దృష్టిలో పెనుకొండకు వైభవం రెండుసార్లు వచ్చింది, రెండోసారి కోటకంటే గట్టిది.

అక్షరం రానివాళ్లకు పుస్తకం ఇంకో దారిలో కూడా చేరింది. లేపాక్షి గుడిలో తలెత్తితే కప్పు మీద కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం రంగుల్లో కనిపిస్తాయి. అవి 16వ శతాబ్దం బొమ్మలు. మెడ నొప్పి పుట్టేదాకా చూసిన జనమంతా ఆ పుస్తకం చదివినవాళ్లే అని నా నమ్మకం. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఆ పుస్తకం కదులుతుంది కూడా. మేకతోలును గీకి, పలచన చేసి, రంగులద్ది, కంతలు పొడిచి చేసిన తోలుబొమ్మలు తెర వెనుక దీపం వెలుతురులో నిలబడతాయి. ఆటగాళ్లు పాడేది రంగనాథ రామాయణం ద్విపద. గోన బుద్ధారెడ్డి 13వ శతాబ్దంలో కూర్చిన ఆ రెండేసి పాదాల నడక, నోటికి అందడానికే పుట్టినట్టుంటుంది. ఇళ్లలో మరాఠీ కలిసిన మాట మాట్లాడుకునే ఆ కుటుంబాలు తరాల తరబడి తెలుగు ద్విపదను భుజాన వేసుకుని ఊరూరా మోశాయి. మధ్యమధ్య బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి నవ్విస్తేనే తెల్లవార్లూ కళ్లు తెరుచుకుంటాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఇవాళ ఆ తోలుతో ఎక్కువగా దీపాల గొడుగులు తయారవుతున్నాయి. పూట గడవాలి, తప్పుపట్టను. కానీ నేను వెళ్లిన ఇంట్లో ముసలాయన హనుమంతుడి తోకకు రంగు అద్దుతూ లంకాదహనం తనలో తాను పాడుకుంటున్నాడు. చెయ్యి పనిచేయాలంటే పాట నడవాల్సిందేనట.

రైలొచ్చాక సంగతి మారింది. 19వ శతాబ్దం చివర గుంతకల్లు నుంచి బెంగళూరు వెళ్లే దారి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా పడింది. అప్పటికే చెన్నపట్నంలో అచ్చు పుస్తకాలు జోరుగా వస్తున్నాయి. వావిళ్లవారి ముద్రణాలయం 1854 నాటిది. మా నాయన చిన్నప్పుడు సంతలో గోనెపట్టా మీద పుస్తకాలు పరిచి అమ్మేవారట. పెద్దబాలశిక్ష, పంచాంగం, వేమన, కాలజ్ఞానం, బాలనాగమ్మ కథ, వ్రతకథలు, నాటకం పద్యాలు. ఫ్రాన్సులో త్రోయ్ పట్టణం నుంచి నీలిరంగు అట్టల చౌక పుస్తకాలను తట్టల్లో పెట్టుకుని పల్లెపల్లెకూ తిరిగి అమ్మేవారని చదివినప్పుడు నాకు మా సంత గోనెపట్టానే కళ్లముందు కదిలింది. అక్కడా అంతే, చలిరాత్రుల్లో ఒకరు చదివితే పదిమంది వినేవారు. మాకు అది రెండున్నర శతాబ్దాలు ఆలస్యంగా వచ్చింది. 1926లో పప్పూరి రామాచార్యులుగారు అనంతపురం నుంచి శ్రీసాధన పత్రిక మొదలుపెట్టాక, అరుగు మీద గొంతెత్తి చదివే వాటిలో దేశం కబుర్లు కూడా చేరాయి.

నాటకం పద్యాల మాట వచ్చింది గనుక ధర్మవరం. ఆంధ్ర నాటక పితామహుడనిపించుకున్న రామకృష్ణమాచార్యులు 1853లో పుట్టిన ఊరు. బళ్లారిలో వకీలుగా ఉంటూ నాటకాలు రాశాడు. ఆయన చిత్రనళీయం 1887లో రంగం మీదికి వచ్చింది. పాట, పద్యం, వచనం కలిపి నాటకాన్ని జనం నోట్లో పెట్టినవాడు. బళ్లారి రాఘవ ఆయన మేనల్లుడే. ఆ తర్వాత వచ్చిన పద్యనాటకాలు మా పల్లెల్లో చేసిన పని ఏ బడీ చేయలేదు. కావ్యభాషకూ వాడుకభాషకూ మధ్య ఉందని క్యాంప్‌బెల్ చెప్పిన అగాధం మీద హార్మోనియం పెట్టె ఒక్కటి వంతెన వేసింది. ధర్మవరంలో ఒక నేతన్న ఇంట్లో మా అక్క పెళ్లిచీర కోసం నాలుగు గంటలు కూర్చున్నాను. గుంటమగ్గంలో కాళ్లు ఆడుతున్నాయి, నాడె అటూ ఇటూ పరుగెడుతోంది, ఆయన హరిశ్చంద్ర కాటిసీను పద్యాలు అందుకున్నాడు. బలిజేపల్లివారివి కొన్ని, నడుమ జాషువాగారివి. ఏది ఎవరిదో ఆయన విడదీసి చెప్పలేదు, రెండూ కాటిసీనే. జరీ పోగు తెగినప్పుడు పద్యం ఆపి, ముడివేసి, ఆపినచోటే ఎత్తుకున్నాడు. రాగం ఒక్క పిసరు జారలేదు.

"ఎక్కడ నేర్చుకున్నావు అన్నా?"

"మా నాయన పక్కన కూకోని. మగ్గం ఆయనదే, పద్యం ఆయనదే."

పోయిన దసరాకు మూట కిందికి దించాను. అవ్వ లేదు. పసుపు కుంకుమ నేనే పెట్టాను. మా చెల్లెలి మనవరాలు, అయిదేళ్లది, సెలవులకు వచ్చింది. ఇది ఏంది, ఎందుకు నల్లగా ఉంది, ఎవరు కుట్టారు అని ఒకటే ప్రశ్నలు. చేతులు కడుక్కోని రా అన్నాను. బజారుకు పోయి బలపం కొనుక్కొచ్చాను. ముత్తాత అంకెలున్న మడతలు అలాగే ఉంచి, చివర ఖాళీగా ఉన్న మడత విప్పి దాని ముందు పరిచాను. చింతగింజల పూత మీద వందేళ్ల తర్వాత బలపం పడుతుందో పడదోనని భయంగానే ఉంది. అది నాలుక బయటపెట్టి, బలపం గట్టిగా పట్టుకుని, అ రాసింది. తెల్లగా పడింది.

"తాతా, తుడిచేదానికి గుడ్డ ఏదీ?" అంది.

తడిపి ఇచ్చాను. తుడిచింది. మళ్లీ రాసింది.